జొన్నచేల మీద వ్రాలు పిచ్చుకలు: వాని గుఱుతులు

జొన్న పాలు పోసికొనునప్పుడు చేనిపై వ్రాలు చిన్నపిట్టల నన్నిటిని పిచ్చుకలనియే పిలుచుట వాడుక. మంచె మీది కావలివానికి ఆ యొక్క మాట చాలును. పిట్టల బెడదను తగ్గింపదలచిన కామందునకు మాత్రము చాలదు. కంకిని తినునది యేది, కోసిన చేనిలో రాలిన గింజ నేరుకొనునది యేది, పురుగును ముక్కున కఱచుకొని పోవునది యేది యని తెలియనిచో, ఒకదాని తప్పునకు మఱియొకటి చచ్చును.

తెలంగాణపు మెట్టపొలములలో ఒకదానిని జూచి మఱియొకటి యని భ్రమపడదగినవి ముఖ్యముగా మూడు: ఊరపిచ్చుక, అడవిపిచ్చుక, గిజిగాడు. మూడును మట్టిరంగువే. మొదటిదియు చివరిదియు ఇంచుమించు ఆఱంగుళముల పొడవుండును. అడవిపిచ్చుక కొంచెము చిన్నది. జీనువాయి వీనియన్నిటికంటె చిన్నది, నాలుగున్నర యంగుళములకు మించదు. దానినిగూర్చి యంతగా పొరపాటు లేదు.

ఊరపిచ్చుక పోతునకు నెత్తి బూడిదరంగు, కంటివెనుక ఇటుకరంగు పట్టె, తెల్లని చెక్కిళ్లు, గొంతున నల్లని మచ్చ యుండును. పెంటికి ఇవి యేవియు లేవు. కంటిపై లేతరంగు చాఱ, వీపున నల్లని గీఱలు, అడుగున బూడిద కలిసిన తెలుపు, అంతియే. చిక్కంతయు నీ పెంటిపిచ్చుకవలననే కలుగుచున్నది.

గిజిగాని పోతును వానకాలమున చిన్నపిల్లలు సైతము గుర్తింతురు. నెత్తియు రొమ్మును పసుపు, మొగమున ముదురురంగు ముసుగు. ఈతచెట్లకును, బావులమీదికి వంగిన తుమ్మకొమ్మలకును గూళ్లు వ్రేలాడదీయునది యిదియే. కాని గూళ్లకాలము గడచినవెనుక ఆ పసుపంతయు రాలిపోవును. యాసంగి తెల్లజొన్న కంకి వేయునాటికి పోతు, పెంటి, పిల్ల యనక గిజిగాండ్రన్నియు పెంటిపిచ్చుక వేషమే వేయును. అప్పుడు రంగును నమ్మరాదు. ముక్కును తోకను చూడవలయును. గిజిగాని ముక్కు మొదట మిక్కిలి లావై కొనదేలి యుండును, తోక కుఱుచ, రొమ్ము పసుపు దేలిన లేతగోధుమవన్నె. పిచ్చుక తోక పొడవు, రొమ్ము బూడిదవన్నె. సాయంకాలమున ఆ గుంపు ఎక్కడికి పోవునో చూచినను తెలియును. పిచ్చుకలు ఊరిలోని చూరులకును చెట్లకును చేరును. గిజిగాండ్రు గుంపులుగా చెఱువుజమ్ములోనికో చెఱకుతోటలోనికో దిగును. రొమ్మున నల్లని గీఱలున్న గిజిగాడు కూడ నొకటి కలదు. అది జమ్ముదుబ్బులలో గూడు కట్టు వేఱుజాతి.

ఇక అడవిపిచ్చుక. దీనికి వీపున గీఱ యొక్కటియు లేదు. ఈ యొక్క గుఱుతు చాలును. మఱియు ఱెక్కపై రెండు తెల్లచాఱలు, పోతు భుజమున ఇటుకరంగు, గొంతున చిన్న పసుపుబొట్టు. ఆ బొట్టు దగ్గఱనుండి చూచినగాని కానరాదు, పెంటికి లేనట్లే. కావున వీపును ముందు చూచుట మేలు. ఇది చెట్టుతొఱ్ఱలలో గూడు పెట్టును. ఇప్ప మొదలగు పూల తేనెను, పురుగులను, గడ్డిగింజలను తినును. 1908లో బొంబాయిలో సలీం ఆలీ యను బాలుడు ఇట్టి పిట్టనొకదానిని కొట్టి, గొంతుమీది పసుపేమో తెలియక బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమునకు తీసికొనిపోయెను. అచ్చటి కార్యదర్శి మిల్లర్డు దొర దాని పేరు చెప్పెను. ఆ బాలుడే పెద్దవాడై 1931-32లలో హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశీలించెను. వేటకు అలవాటుపడిన చేతికే ఆ పిట్ట యేదో తెలియలేదనిన, వడిసెల త్రిప్పువానికి తెలియకుండుట వింత కాదు.

తెలియక చంపినచో నేమగునో చీనాదేశము చూచినది. 1958లో అచ్చటి ప్రభుత్వము ధాన్యము తినుచున్నదని పిచ్చుకను ఎలుక, ఈగ, దోమలతో జేర్చి నిర్మూలింప నాజ్ఞాపించెను. ఆ పిచ్చుక నెత్తి గోధుమరంగు, తెల్లచెక్కిలిపై నల్లని చుక్క, పోతుకును పెంటికిని ఒకే వేషము. తూర్పుకనుమల మన్యమున కూడ నది యున్నది. పళ్లెములు వాయించి, వ్రాలనీయక తఱిమి, అసంఖ్యాకముగా చంపిరి. పురుగు పెచ్చరిల్లెను. 1960లో పట్టికనుండి పిచ్చుకను దీసి నల్లిని చేర్చిరి.

దానికి కారణము మన యూరిచూరులోనే కనబడును. గింజ తిను పిచ్చుకయే పిల్లలను పొదిగినవెనుక వానికి గింజ పెట్టదు. గొంగళిపురుగులను, మిడుతలను తెచ్చి పెట్టును. గిజిగాడును అంతియే. విషము కలిపిన గింజలు చల్లువాడు ఈ భేదము నెంచలేడు. వానిని తిని కౌజులును, ఆ కళేబరములను తిని కుక్కలును చచ్చును.

కంకి పాలు పోసికొన్నది మొదలు గింజ గట్టిపడువఱకు కాపుండవలయును. అందును ప్రొద్దుట రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు ముఖ్యము. మంచె, వడిసెల, డప్పు పూర్వమునుండి యున్నవే. వీనికితోడు ఒకప్రక్క ఎఱుపు, మఱియొకప్రక్క వెండిరంగు గల మెఱపుపట్టీని పురిపెట్టి, కంకులకంటె కొంచెము ఎత్తున గుంజలకు కట్టినచో గాలికి రొద చేయుచు మెఱయును. పిట్టలు దీనికి అలవాటుపడకమునుపే తావు మార్చుచుండవలయును. గట్లవెంటనున్న కంకులను వాని యాకులతోనే చుట్టి కట్టుట శ్రమయైనను, పిట్టలు ముందుగా వ్రాలునది అంచులందే గనుక, ఆ శ్రమ వ్యర్థము కాదు. ఊరందఱును జొన్న నొకేసారి విత్తినచో నష్టము పొలములన్నిటికి పంచుకొని పోవును; ముందుగా పండిన యొంటిచేను పిట్టల పాలగును.