చూసింది వేరు, తేల్చింది వేరు

పట్టాలు అందుకుంటున్న మీ అందరితో ఈ వేదిక మీద రెండు జీవుల గురించి మాట్లాడతాను. ఒకటి ఉత్తర అమెరికా గడ్డిమైదానాల్లో తిరిగే, చిట్టెలుకను పోలిన ప్రెయిరీ వోల్. రెండోది కాలిఫోర్నియాలోని మోనో సరస్సు బురదలో దొరికిన జీఎఫ్ఏజే-1 అనే బాక్టీరియా. ఒంటి నిర్మాణంలో వీటికి పొంతనే లేదు. వీటి గురించి మనుషులు తేల్చేసిన మాటల్లో మాత్రం చాలా పోలిక ఉంది.

వోల్ ఒకసారి జతకడితే సాధారణంగా ఆ తోడునే అంటిపెట్టుకుని ఉంటుంది. ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పనిని మందుతో అడ్డుకుంటే ఆ బంధం ఏర్పడటం లేదని 1990లలో ప్రయోగాలు చూపాయి. ఆక్సిటోసిన్ లేనిదే జంట లేదన్న నమ్మకం బలపడింది. కానీ 2023లో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకపు జన్యువును క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో పనిచేయకుండా చేసినా వోల్స్ జతకట్టాయి, పిల్లల్ని కన్నాయి, పాలిచ్చాయి. ఇక ఆర్సెనిక్ నిండిన మోనో సరస్సు బాక్టీరియా, భాస్వరానికి బదులు ఆర్సెనిక్‌ను డీఎన్ఏలో సైతం వాడుకుంటోందని 2010లో ఒక బృందం ప్రకటించింది. 2012లో రోజ్‌మేరీ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త బృందం శుభ్రపరిచిన డీఎన్ఏలో అలాంటి ఆర్సెనిక్ కనిపించలేదు. భాస్వరం లేనిదే ఆ జీవి పెరగదనీ తేలింది. మొదటి ప్రయోగపు ద్రవంలో మలినంగా ఉన్న కాస్త భాస్వరమే దానికి సరిపోయిందన్నమాట. 2025లో సైన్స్ పత్రిక ఆ మొదటి బృందపు వ్యాసాన్ని ఉపసంహరించింది. మోసం జరిగిందని కాదు, ఆధారాలు ఆ నిర్ణయానికి చాలవని. రచయితలు దానికి ఒప్పుకోలేదు.

రెండు చోట్లా చూసినది చెక్కుచెదరలేదు. మందు బంధాన్ని ఆపింది నిజం, బాక్టీరియా అంత ఆర్సెనిక్‌ను తట్టుకున్నదీ నిజం. పడిపోయింది చూసినదాని మీద కట్టిన నిర్ణయం. ఇలా మారిపోయే శాస్త్రాన్ని ఎందుకు నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. ఈ తప్పులను బయటపెట్టింది పుకార్లు కావు, మరింత నిశితమైన ప్రయోగాలే. పైగా దిద్దుబాటుకూ హద్దుంది: పుట్టుకతోనే గ్రాహకం లేని మెదడు వేరే దారి వెతుక్కుని ఉండవచ్చు కాబట్టి, ఆక్సిటోసిన్‌కు ఏ పాత్రా లేదనడం మళ్ళీ తొందరపాటే. ఇంత జాగ్రత్త సాహసాన్ని చంపేయదా అన్నది మరో ప్రశ్న. ఆర్సెనిక్ ఊహ సాహసమైనదే, అందులో తప్పు లేదు. ఆ బృందం బాక్టీరియాను ఇతరులకు పంచింది కనుకనే పరీక్ష సాధ్యమైంది. సాహసానికి కావలసింది ఆ తెరిచిన తలుపే.

రేపు మీరు రాసే నివేదికలోనైనా, రోగికి చెప్పే మాటలోనైనా చూసినదాన్ని ఒక వాక్యంలో, తేల్చినదాన్ని మరో వాక్యంలో రాయండి. ఏ ఆధారం ఎదురైతే మీ మాట వెనక్కి తీసుకుంటారో అదీ రాయండి. మిమ్మల్ని సరిదిద్దే పని ఇతరులకు సులువు చేయడమే చదువుకున్నవారి మొదటి మర్యాద.