రింగు దాకా దారి
(సోనారిలో తెలుగు విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసే ఈ సోనారిలో చీకటి పడ్డాక మలుపులో నిలబడ్డ మన కుర్రాణ్ణి ముందు అడిగేది పేరు కాదు, ఏ బస్తీ అని. ప్రాజెక్టు రిపోర్టుల్లో అతను "దారి తప్పే ప్రమాదం ఉన్న యువకుడు". అతని కోసం బాక్సింగ్ జిమ్ పెడదాం అనగానే నాకు అభ్యంతరం ఆ పేరు దగ్గరే. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్తులన్నది. 1952లో ఆ చట్టం పోయింది, ఆ చూపు పోలేదు. పిల్లల్ని బాగుచేస్తామంటూ పెట్టే జిమ్ ఆ చూపునే మోస్తుంది.

మరి జిమ్ వద్దా? కావాలి. నిజామాబాద్ చూడండి. నిఖత్ జరీన్‌కు అక్కడ బాక్సింగ్ నేర్పింది మరో బాక్సర్ హుసాముద్దీన్ తండ్రి. ఆమె 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. అక్కడ ఎవరూ ఎవరినీ సంస్కరించలేదు. ఆడేందుకు చోటుంది, నేర్పే మనిషి ఉన్నాడు.

బాక్సింగ్‌లో ఎదుటివాడి చెమట అంటకుండా స్పారింగ్ లేదు. ఒకే హెడ్‌గార్డ్ నలుగురూ వాడతారు. అంటును పాటించే సమాజంలో ఇది చిన్న సంగతి కాదు. అయితే ఆట ఒక్కటే కులాన్ని పోగొట్టదు. దళిత క్రికెటర్ పల్వాంకర్ బాలూ పూనాలో ఆడిన రోజుల్లో అందరితో పాటు బంతి పట్టుకున్నాడు, టీ మాత్రం బయట విడిగా మట్టిపాత్రలో తాగాడు. జట్టును గెలిపించే చెయ్యి కప్పు పట్టడానికి పనికిరాలేదు.

కాబట్టి జిమ్ అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ఆడపిల్లలకు వేళ ఉందా? పతకం రాని పిల్లవాడి చదువు ఎవరు చూస్తారు? మొదటి రెండింటికీ బస్తీవాళ్లున్న కమిటీ జవాబు చెప్పాలి. మూడోది మనది. పరిశోధకులం, విద్యార్థులం వారానికి రెండు సాయంత్రాలు అదే గదిలో, ప్రాక్టీసు అయ్యాక, పాఠాలు చెబుదాం. బాబాసాహెబ్ పోరాడమన్నారు, అంతకంటే ముందు చదవమన్నారు. ఆ రెండూ ఒకే కప్పు కింద జరిగే గది మన పిల్లల హక్కు. దాన్ని దయగా ఇస్తామంటే తీసుకోవద్దు.

జై భీమ్.