రేకుల షెడ్డునకు అంచు రేకులు

(బోయిగూడలో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



కలప అడితీలున్న ఈ బోయిగూడకును, ఇనుప సామాను అమ్ము రాణిగంజునకును పల్లెల నుండి ఎందరో వచ్చుచుందురు. షెడ్డు కట్టదలచినవారు రేకుల ధరను పైసలతో సహా బేరమాడుదురు. కాని కొప్పునకు, చూరునకు, గోడ కలియు చోటునకు వేయవలసిన అంచు రేకులను, అనగా వ్యాపారులు ఫ్లాషింగు అనువానిని, అంచనాలో చేర్చుట మరచెదరు. షెడ్డు సాధారణముగా కారునది రేకు ముగియుచోటనే.

పెంకుటిండ్లు నేయువారు ఈ సంగతి ఎన్నడో ఎరుగుదురు. వారు చూరున మొదలిడి పైకి పోవుదురు. పై పెంకు క్రింది పెంకును కప్పును. రేకునకును ఇదియే ధర్మము. కొప్పు రేకు ఇరువైపుల రేకులను కనీసము 150 మిల్లీమీటర్లు కప్పవలెను. చూరు అంచు రేకు నీటిని గోడకు దూరముగా జార్చవలెను. గోడకు ఆనించు రేకు పై అంచును గోడలో గాడి కొట్టి దూర్చవలెను. లేనిచో గోడ వెంట దిగు నీరు దాని వెనుకకు పోవును.

సందులలో సిమెంటు మెత్తుట మన పల్లెలలో వాడుక. ఇది తగదు. 10 మీటర్ల ఇనుప రేకు 50 డిగ్రీల వేడికి సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. సిమెంటు సాగలేక పగులును. పైగా తడి సిమెంటు జింకు పూతను తినివేయును. అంచు రేకు కప్పు రేకుతో ఒకే లోహము, ఒకే పూత కలదై యుండుట మేలు.

గాలి కప్పును ఎత్తు బలము అంచులలోను, మూలలలోను హెచ్చు. భారతీయ ప్రమాణము 875 ప్రకారము హైదరాబాదునకు సెకనుకు 44 మీటర్ల గాలివేగమును, విశాఖపట్టణమునకు 50 మీటర్లను లెక్కలోనికి తీసికొందురు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో కప్పులనెట్లు ఎగురగొట్టినదో మనము మరువలేదు. కావున పక్క అంచు రేకులను రబ్బరు వాషరు గల మరలతో, కప్పు మోయు ఇనుప కమ్ములకు బిగింపవలెను. మేకులు చాలవు.

కారు షెడ్డులో తడియునది రైతు ధాన్యము, బడిపిల్లల బియ్యము. ఆ నీరు విద్యుత్ మీటకు చేరినచో ప్రాణమునకే ముప్పు. ఈ బోయిగూడలోనే 2022 మార్చి 23న తుక్కు గోదాము కాలి, బీహారు నుండి వచ్చిన 11 మంది కార్మికులు మరణించిరి. ఆ అగ్నికి కప్పు కారుట కారణమని మేమనుట లేదు. సరుకు కొరకని కట్టిన కప్పు క్రింద మనుషులును నిద్రింతురని ఆ దినము మనకు తెలిపినది.

కావున షెడ్డు అంచనా మీ ముందుకు వచ్చినపుడు సంతకమునకు ముందు నాలుగు పంక్తులు వెదకుడు: కొప్పు, చూరు, పక్క అంచు, గోడ కలియు చోటు. అవి లేనిచో కాగితమును తిప్పి పంపుడు. పని ముగిసిన పిదప కొప్పుపై నాలుగు బిందెల నీరు పోయించి, లోపల నిలిచి చూచి, అటు పిమ్మటనే బిల్లు మంజూరు చేయుడు.