పెర్సెఫనీని ఎవరడిగారు?



ఎవరి స్మృతిలో మనం ఏటా ఇక్కడ కలుసుకుంటున్నామో ఆ లైబ్రేరియన్ గారికి ఒక నియమం ఉండేది. పాఠకుడు ఏ పుస్తకం తీసుకుని కౌంటర్ దగ్గరికొచ్చినా ముఖం చిట్లించకుండా తేదీ ముద్ర వేసి ఇవ్వాలని. భాగవతానికి ఎంత మర్యాదో డిటెక్టివ్ నవలకీ అంతే మర్యాద. విషయం నన్నే ఎంచుకోమని నిర్వాహకులు అన్నప్పుడు ఆ నియమమే గుర్తొచ్చింది. పండితులు పెద్దగా పట్టించుకోని, పాఠకులు మాత్రం నిద్ర మానుకుని చదివే ఒక నవలాశాఖ చరిత్ర చెబుదామనుకున్నాను. గ్రీకు పురాణాల మీద అల్లిన పారానార్మల్ రొమాన్స్ నవలలు ఈనాటి నా విషయం.

మామూలు ప్రేమ నవలలో నాయకుడు డాక్టరో, జమీందారో, కంపెనీ యజమానో అవుతాడు. ఈ నవలల్లో అతను దేవుడు, లేదా శాపం తగిలిన వీరుడు, లేదా రక్తం తాగేవాడు. పాఠకురాలితో రచయిత్రి చేసుకున్న ఒప్పందం మాత్రం మారదు. ఎన్ని అడ్డంకులొచ్చినా చివరికి ఇద్దరూ కలవాలి, సుఖపడాలి. చిక్కంతా ఇక్కడే వచ్చింది. గ్రీకు కథల్లో దేవుడి కన్ను పడ్డ ఆడపిల్ల బాగుపడ్డది అరుదు. దేవతల రాజు జ్యూస్ తేజస్సుకు సెమెలీ బూడిదైంది. అపోలో తరుముతుంటే డాఫ్నీ చెట్టయిపోయింది. అయో ఆవైంది. కాదన్నందుకు కసాండ్రా మాట ఎవరూ నమ్మకుండా శాపం పడింది. ఇలాంటి సరుకుతో సుఖాంతం ఎలా కుదురుతుంది?

కుదిరింది. లక్షల మంది చదివేంతగా కుదిరింది. నాయకుడి అందం, ఐశ్వర్యం, చీకటి చూపు ఇందుకు కారణమని తేలిగ్గా అనేయవచ్చు. నేనలా అనుకోను. పాత కథ ఆడపిల్లను అడగకుండా వదిలేసిన ప్రశ్నను ఈ నవల వెనక్కి వెళ్లి అడుగుతుంది. 'నీకిష్టమేనా?' అని. దాని బలమంతా అందులోనే ఉంది.

మూలం దగ్గరికి వెళదాం. హోమర్ పేరిట చెలామణీ అయ్యే స్తోత్రాల్లో డిమీటర్ దేవత మీద ఒకటుంది. దాదాపు క్రీ.పూ. 7-6 శతాబ్దాల నాటిది. దానికి ఇంచుమించు పూర్తిగా మిగిలిన రాతప్రతి ఒక్కటే. 1777లో మాస్కోలో బయటపడి, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉంది. అది దొరక్కపోయి ఉంటే ఈ కథ మనకు ప్రధానంగా రోమన్ కవుల ద్వారానే తెలిసేది.

కథ మీకు తెలిసిందే. పెర్సెఫనీ చెలికత్తెలతో పూలు కోస్తుంటుంది. ఒక నార్సిసస్ పువ్వు మీద చెయ్యి వేయగానే భూమి చీలుతుంది. పాతాళ రాజు హేడీస్ రథం మీద వచ్చి ఆమెను ఎత్తుకుపోతాడు. ఈ సంబంధానికి ఒప్పుకున్నది తండ్రి జ్యూస్. తల్లికి చెప్పలేదు, పిల్లను అడగలేదు. తల్లి డిమీటర్ తిండీ స్నానం మాని, కాగడాలు పట్టుకుని తొమ్మిది రోజులు వెతుకుతుంది. ఆఖరికి జరిగింది చూసిన సూర్యుడు నిజం చెబుతాడు, దానికొక ఓదార్పు కూడా తగిలిస్తాడు. పెళ్లికొడుకు నీ తోడబుట్టినవాడే, మూడో వంతు లోకానికి రాజు, అల్లుడిగా తీసిపోయేవాడేం కాదు అని. పెళ్లి పెద్దల గొంతు రెండున్నర వేల ఏళ్ల కిందటా ఇలాగే ఉంది.

ఈ స్తోత్రంలో దానిమ్మ గింజ ఘట్టం జాగ్రత్తగా చదవాలి. డిమీటర్ పంటలు ఆపేస్తే లోకం కరువుతో మాడుతుంది, దేవతలకు నైవేద్యాలు ఆగిపోతాయి. జ్యూస్ దిగివచ్చి, పిల్లను తీసుకురమ్మని దూత హెర్మీస్‌ను పంపుతాడు. ఆమె బయల్దేరే వేళకు హేడీస్ అటూ ఇటూ చూసి, దొంగతనంగా ఒక గింజ తినిపిస్తాడని కవి చెబుతాడు. తర్వాత తల్లి ఒడిలో ఆమె చెప్పేటప్పుడు, నేను వద్దంటున్నా బలవంతాన తినిపించాడని అంటుంది. కవి చెప్పిందొకటి, అమ్మాయి చెప్పిందొకటి. ఆమె తల్లిని ఊరడించడానికి అలా అందా? కవి చూడనిది ఆమె ఎరుగునా? ఈ సందు పూడ్చకుండానే స్తోత్రం ముగుస్తుంది. ఏడాదిలో మూడో వంతు కింద, మిగతాది పైన అని ఒప్పందం కుదురుతుంది.

ఈ కథ గ్రీకు ఆడపిల్లలకు కేవలం కథ కాదు. దక్షిణ ఇటలీలో లోక్రి అనే గ్రీకు వలస పట్టణం ఉండేది. అక్కడి పెర్సెఫనీ గుడిలో క్రీ.పూ. 5వ శతాబ్దం నాటి మట్టి ఫలకాలు కుప్పలుగా దొరికాయి. తగిలించడానికి పైన చిల్లులు పెట్టినవి. పెళ్లికి ముందు అమ్మాయిలు సమర్పించినవని పండితుల అభిప్రాయం. ఒక ఫలకం మీద హేడీస్, పెర్సెఫనీ పక్కపక్కన సింహాసనాల మీద కూర్చుంటారు. ఆమె చేతిలో కోడిపుంజు. బెదిరిపోయిన బందీలా లేదు, ఇంటి యజమానురాలిలా నిటారుగా కూర్చుంది. మరికొన్ని ఫలకాల మీద రథమెక్కించుకుపోతున్నవాడు గడ్డం రాని కుర్రవాడు. అంటే ఆ ఊరి పెళ్లికొడుకే. ముక్కూ మొహం తెలియనివాడి ఇంటికి వెళ్లబోయే పిల్ల, తన భయాన్ని దేవత కథలో చూసుకుని గుడిలో తగిలించి వచ్చేది.

దీనికి మరో ముఖం ఉంది. పెళ్లి కాకుండా చనిపోయిన అమ్మాయిని మృత్యువు పెళ్లాడిందనడం గ్రీకుల ఆచారం. ఏథెన్స్ దగ్గర మెరెండాలో 1972లో ఫ్రసిక్లియా అనే అమ్మాయి సమాధి విగ్రహం దొరికింది. క్రీ.పూ. 550 ప్రాంతం నాటిది. తల మీద కిరీటం, ఎద దగ్గర తామర మొగ్గ. పెళ్లికి బదులు దేవతలు తనకు కన్య అన్న పేరే శాశ్వతంగా ఇచ్చారని పీఠం మీది శాసనం భావం. పెళ్లి, చావు రెండూ పుట్టిల్లు విడిచి తిరిగి రాకుండా పోవడమే అయిన సమాజం అది. పాతాళ రాజు పెళ్లికొడుకయ్యాడంటే అందుకే.

ఇక్కడ మన రుక్మిణి గుర్తుకు రాక మానదు. రథం అదే, పరుగు అదే, పెద్దలు కుదిర్చిన సంబంధమూ ఉంది. కానీ పోతన భాగవతంలో రుక్మిణి అగ్నిద్యోతనుడి చేత ముందే కబురు పంపింది. ఎప్పుడు రావాలో, ఏ గుడి దగ్గర కాచుకోవాలో తనే చెప్పింది. పెళ్లి కుదరని పిల్లల చేత మన ఇళ్లలో రుక్మిణీ కల్యాణం చదివించేది ఆ రథం కోసం కాదు, ఆ కబురు కోసం. పెర్సెఫనీ కథలో లేనిది ఆ కబురే. ఆధునిక రచయిత్రులు దాన్ని రాసి ఇచ్చారు.

అయితే అది ఒక్కసారిగా జరగలేదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో రెండు కథలు దారి వేశాయి. హేడ్రియన్ చక్రవర్తి దగ్గర పనిచేసిన ఫ్లెగాన్ వింతల సంకలనంలో ఫిలినియన్ అనే అమ్మాయి కథ ఉంది. చనిపోయిన ఆమె, ఇంటికొచ్చిన అతిథి మఖాటీస్ గదికి రాత్రిళ్లు వస్తుంది. అతను ఇనుప ఉంగరం, బంగారు పూత గిన్నె ఇస్తాడు. ఆమె తన బంగారు ఉంగరం ఇస్తుంది. తల్లిదండ్రులు తలుపు తోసుకుని వచ్చేసరికి, మూడు రోజులు కూడా నన్ను ఓర్వలేకపోయారా అని నిలదీసి మళ్లీ ప్రాణం విడుస్తుంది. సమాధి తెరిస్తే అందులో ఇనుప ఉంగరం, గిన్నె ఉన్నాయి. 1797లో గోథే 'కోరింత్ వధువు' రాసింది దీని ఆధారంగానే. ఈ కథలో గదికి నడిచి వచ్చింది అమ్మాయి. ఎవరూ ఎత్తుకురాలేదు.

రెండోది ఇప్పటి అల్జీరియా ప్రాంతంవాడైన అపులేయస్ చెప్పిన క్యూపిడ్, సైకీల కథ. సైకీకి ఒక భయంకర ప్రాణితో పెళ్లి రాసిపెట్టి ఉందని దైవవాణి చెబుతుంది. పెళ్లి ఊరేగింపు శవయాత్రలా సాగుతుంది. చీకట్లో మాత్రమే వచ్చే భర్త ముఖం చూడొద్దంటాడు. ఆమె దీపం వెలిగించి చూసింది. వేడి నూనె చుక్క భుజం మీద పడి అతను లేచి ఎగిరిపోయాడు. తర్వాత అతని కోసం ఆమె పాతాళానికీ పోయింది, ప్రొసర్పినా దగ్గరికే, అంటే రోమన్ల పెర్సెఫనీ దగ్గరికే. చివరికి అమృతం తాగి అమరురాలై, అందరి ముందూ పెళ్లి చేసుకుంది. శాపగ్రస్తుడిలా కనిపించే భర్త, అతన్ని తన కళ్లతో చూసి తేల్చుకునే స్త్రీ, కష్టాలు, సుఖాంతం. ఈ నవలాశాఖ అచ్చు తయారైంది ఇక్కడే. 1740లో మదాం ద విల్‌నవ్ రాసిన 'సుందరి - మృగం' దీని వంశంలోనిదే.

గింజ సంగతీ మారుతూ వచ్చింది. రోమన్ కవి ఓవిడ్ కావ్యంలో ప్రొసర్పినా పాతాళపు తోటలో తిరుగుతూ తానే పండు కోసుకుని ఏడు గింజలు తింటుంది. బలవంతం పోయింది, ఎరుక ఇంకా రాలేదు. 1874లో ఆంగ్ల చిత్రకారుడు రొసెట్టి వేసిన చిత్రంలో ఆమె కొరికిన పండు చేత పట్టుకుని, ఆ చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని నిలబడుతుంది. తన చేతిని తానే ఆపుకుంటున్నట్టుంది. ఎవరు తినిపించారన్న ప్రశ్న అప్పటికి ఎందుకు తిన్నావన్న ప్రశ్నగా మారింది.

ఇక మన కాలం. అమెరికాలో ఈ ధోరణికి ఊపు తెచ్చినవాళ్లలో షెరిలిన్ కెన్యన్ ఒకరు. 2002లో వచ్చిన 'ఫాంటసీ లవర్'లో బందీ అయింది మగవాడు. ప్రేమదేవత ఆఫ్రొడైటీ కొడుకైన గ్రీకు సేనాని శాపవశాన పుస్తకంలో చిక్కి, పిలిచిన ప్రతి స్త్రీకీ బానిస అవుతాడు. న్యూ ఆర్లిన్స్‌లోని నాయిక అతన్ని అలా వాడుకోనంటుంది. 2008లో జీనా షోవాల్టర్ 'ది డార్కెస్ట్ నైట్' రాసింది. గ్రీకు కవి హెసియడ్ కాలం నుంచీ, మూసి ఉన్న కీడులను వదిలిందని, లోకంలోని కీడుకంతా పండోరాదే తప్పు. ఈ నవలలో పెట్టె తెరిచింది, పండోరా మీద అసూయపడ్డ మగ యోధులు. అందుకే ఒక్కొక్కరూ ఒక్కో పిశాచాన్ని ఒంట్లో మోస్తుంటారు. పాత నేరాన్ని తీసుకెళ్లి అసలు ఖాతాలో వేసినట్టయింది.

2005లో రిక్ రియర్డన్ పిల్లల నవలలు మొదలయ్యాయి. అవి చదివి ఒలింపస్ దేవతలతో చనువు పెంచుకున్న పిల్లలు పెద్దయ్యాక ప్రేమకథల అరల దగ్గరికొచ్చారు. 2011లోనే మెగ్ కాబట్, ఎమీ కార్టర్ వేర్వేరుగా పెర్సెఫనీ కథను టీనేజీ పాఠకులకు తిరగరాశారు. 2018లో న్యూజిలాండ్‌కు చెందిన రేచల్ స్మైత్ 'లోర్ ఒలింపస్' వెబ్ కామిక్ మొదలుపెట్టింది. అందులో పెర్సెఫనీ గులాబీ రంగు, హేడీస్ నీలం రంగు. ఆమె మీద అత్యాచారం చేసేవాడు అపోలో. దాని గాయాన్ని కథ దాటవేయకుండా చాలాకాలం వెంట మోస్తుంది. గమనించండి, పాత కథలోని హింస మాయం కాలేదు. హేడీస్ నుంచి తీసి మరొకరి మీద పెట్టారు.

స్కార్లెట్ సెయింట్ క్లెయిర్ 2019లో సొంతంగా ప్రచురించుకున్న 'ఎ టచ్ ఆఫ్ డార్క్‌నెస్'లో పెర్సెఫనీ జర్నలిజం విద్యార్థిని. హేడీస్‌తో పందెం కాసి చిక్కుకుంటుంది. కేటీ రాబర్ట్ 2021లో రాసిన 'నియాన్ గాడ్స్'లో రథమే లేదు. తన ఇష్టం అడగకుండా, ఇందులో తండ్రి కాని జ్యూస్‌తో నిశ్చితార్థం ప్రకటిస్తే, పెర్సెఫనీ తన కాళ్ల మీద పరుగెత్తి స్టిక్స్ నది దాటి అవతలి ఒడ్డున హేడీస్ రాజ్యంలో అడుగు పెడుతుంది. లోక్రి ఫలకం మీది అమ్మాయికి దొరకని వంతెన ఇది.

ఇవన్నీ పగటికలలంటారు. యద్దనపూడి నవలల్నీ మనవాళ్లు అలాగే అన్నారు. 1984లో జానిస్ రాడ్‌వే అనే పరిశోధకురాలు ప్రేమ నవలలు చదివే అమెరికన్ గృహిణులతో మాట్లాడి ఒక పుస్తకం రాసింది. కథ సంగతి అలా ఉంచి, చదువుకునే ఆ గంట తమదని వాళ్లన్నారు. ఇంట్లో అందరి అవసరాలూ కనుక్కునే మనిషికి, తన ఇష్టాన్ని ఒకరు కనుక్కునే కథ కావాలనిపించడంలో వింతేముంది? ఆ అడిగేవాడు ఎంత బలవంతుడైతే ఆ అడగడానికి అంత విలువ. లోకాన్నే శాసించే దేవుడు గుమ్మం దగ్గర ఆగి జవాబు కోసం నిలబడాలి. ప్రేమకథకు పారానార్మల్ అవసరమైంది అందుకే.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదూ చెప్పాలి. ఈ నవలల్లో చాలావాటిలో డిమీటర్ దుష్టపాత్ర. కూతుర్ని గాజు గదిలో పెట్టి పెంచే తల్లి, ఊపిరాడనివ్వని తల్లి. 'నియాన్ గాడ్స్'లో జ్యూస్ సంబంధం కుదిర్చింది కూడా ఆమే. అల్లుణ్ని మంచివాణ్ని చేయడానికి అత్తగారిని చెడ్డదాన్ని చేశారు. తండ్రి చేసిన పని తల్లి ఖాతాకు ఎక్కింది.

స్తోత్రం మళ్లీ తెరిచి చూడండి. జ్యూస్ కూతురితో ఒక్క మాటా మాట్లాడడు. హేడీస్ మాట్లాడతాడు గానీ, నీకు ఇన్ని గౌరవాలు దక్కుతాయని చెబుతాడే తప్ప ఏమీ అడగడు. హెర్మీస్ వార్త మోస్తాడు, అంతే. ఆమె పైకి వచ్చి తల్లిని కావలించుకున్నాక, ఏదో మోసం జరిగిందని అనుమానించి డిమీటర్ అడుగుతుంది. అక్కడేమైనా తిన్నావా, ఎలా తీసుకుపోయాడు, చెప్పు అని. ఆ ప్రశ్న తర్వాతే పెర్సెఫనీ నోరు విప్పి తన కథ తాను మొదటినుంచీ చెప్పుకుంటుంది. పూలు కోసిన చోటు, వెంట ఉన్న చెలికత్తెల పేర్లు, చీలిన నేల, గింజ రుచి, అన్నీ. పెర్సెఫనీని మొదట అడిగింది తల్లే. అడగకుండా పిల్లనిచ్చినందుకు లోకాన్నే పస్తులుంచిందీ ఆవిడే.

ఈ నవలలు ఏ ప్రశ్న మీద బతుకుతున్నాయో ఆ ప్రశ్న వేసిన మనిషినే విలన్‌ను చేయడం అన్యాయం. అది కథకూ నష్టమే. గింజ తన ఇష్టంతో తినే కూతురు, ఆ ఇష్టం నిజమో కాదో నిలదీసి అడిగే తల్లి, ఇద్దరికీ జవాబు చెప్పాల్సిన పాతాళ రాజు, ఈ ముగ్గురూ ఉన్న నవల ఇంకా రావాలి. అమ్మాయి ఇష్టం తల్లి ప్రశ్నకు ఎదురు నిలిచినప్పుడే అది ఇష్టమని పాఠకురాలికి నమ్మకం కుదురుతుంది. ఈ సభలో రాసే అలవాటున్న అమ్మాయిలుంటే, పని అక్కడి నుంచి మొదలుపెట్టమని నా మనవి.