బండికి చోటు దొరికింది, డ్రైవరుకు పడక ఏదీ?

(రవాణా కార్మికుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కారునో లారీనో రైలు మీదికెక్కించి, రాత్రంతా ప్రయాణించి, తెల్లవారేసరికి దింపుకొని మళ్లీ రోడ్డు పట్టే పద్ధతిని గురించి నేడు మాట్లాడదలిచాను. ఇది విహారయాత్రలకు పోయేవారి వ్యవహారమని కొట్టివేయరాదు. డ్రైవరు నిద్రతోను, రోడ్డు మీద పోయే ప్రతి మనిషి ప్రాణంతోను దీనికి సంబంధం ఉన్నది.

మన దేశంలో ఈ పద్ధతికి పేరుపడినది కొంకణ్ రైల్వే. 1974 మే నెలలో రైల్వే సమ్మెకు నాయకత్వం వహించిన జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో, 1990లో, ఈ మార్గ నిర్మాణానికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 1998 జనవరిలో మార్గం పూర్తిగా ప్రారంభమయింది. మరుసటి సంవత్సరమే లారీలను మోసే 'రోరో' బండి మొదలయింది. మహారాష్ట్రలోని కొలాడ్ వద్ద లారీలు ర్యాంపు మీదుగా చదునైన వ్యాగన్లపైకి ఒకదాని వెనుక ఒకటి ఎక్కుతాయి. గోవాలోని వెర్ణా వద్ద గాని, కర్ణాటకలోని సూరత్కల్ వద్ద గాని దిగుతాయి. ఘాట్ రోడ్డు మలుపులు తప్పుతాయి. డీజిలు ఆదా అవుతుంది, టైర్ల అరుగుదల తగ్గుతుంది. యజమానికి లాభం, రైల్వేకు ఆదాయం. మంచిదే.

అయితే ఆ లారీతో వచ్చిన డ్రైవరు, క్లీనరు ఎక్కడ ఉంటారు? వ్యాగను మీది లారీ క్యాబిన్లోనే ఉంటారు. వంట అక్కడే, పడక అక్కడే.

2025 ఆగస్టులో, వినాయక చవితి రద్దీని దృష్టిలో ఉంచుకొని, కొలాడ్–వెర్ణాల మధ్య కార్లకు సైతం ఈ సౌకర్యాన్ని కల్పించారు. సాయంత్రం 5 గంటలకు బయలుదేరి మరునాడు ఉదయం 5 గంటలకు చేరేట్లు వేళలు నిర్ణయించారు. బండికి 40 కార్లు. కారుకు 7,875 రూపాయలు. ప్రయాణికులు కార్లలో కూర్చోరాదు, బోగీలలోనే ప్రయాణించాలి. కారుకు ముగ్గురికి మించరాదు. వారిలో ఇద్దరికి మూడవ తరగతి ఎ.సి. పడకలు, మనిషికి 935 రూపాయలు. మూడవవానికి సెకండ్ సిట్టింగ్‌లో కూర్చునే చోటు, 190 రూపాయలు.

ఈ లెక్కను నిదానంగా పరిశీలించండి. యజమాని, ఆయన భార్య పడకలు తీసుకుంటే జీతపు డ్రైవరుకు మిగిలేది ఏమిటి? రాత్రంతా కూర్చునే బల్ల. తెల్లవారి 5 గంటలకు కారు దింపి, ఎర్రబడిన కళ్లతో స్టీరింగు పట్టవలసినవాడు అతడే. ఇంటిల్లిపాది ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నవో అతనికే నిద్ర లేదు!

క్యాబిన్లో పడుకోవడం లారీ డ్రైవరుకు అలవాటే కదా అని కొందరంటారు. అలవాటు వేరు, విశ్రాంతి వేరు. కదిలే వ్యాగను మీద కాలకృత్యాలకు దిగే వీలు లేదు. ఇద్దరు మనుషులకు అది గది కాదు.

ఇతర దేశాలలో ఏమి చేశారు? జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి స్విట్జర్లాండు మీదుగా ఇటలీలోని నొవారాకు లారీలను మోసిన రైలులో డ్రైవర్ల కోసం వేరుగా బోగీ ఉండేది. ఐరోపా సమాజం 2006లో చేసిన నిబంధన మరింత స్పష్టమైనది. వాహనంతో పాటు రైలులో గాని ఓడలో గాని వెళ్లే డ్రైవరు ఆ కాలాన్ని రోజువారీ విశ్రాంతిగా లెక్కించుకోవాలంటే అతనికి పడక అందుబాటులో ఉండి తీరాలి. మనం గ్రహించవలసిన సూత్రం ఇదే: పడక లేనిచోట అది విశ్రాంతి కాదు.

మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనికి హద్దుగా నిర్ణయించింది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ అమలులోకి వచ్చింది. చట్టం ఏదైనా, రైలు మీద గడిచిన రాత్రిని డ్యూటీగా లెక్కించాలా, విశ్రాంతిగా లెక్కించాలా అన్న ప్రశ్నను మనమే లేవనెత్తాలి. లేనిచో "రాత్రంతా ఖాళీగా కూర్చున్నావు కదా" అని యజమాని పగలంతా బండి నడిపిస్తాడు.

కనుక మన కోర్కెలు మూడు. లారీ రైలుకు డ్రైవర్లు, క్లీనర్ల కోసం పడకలు, మరుగుదొడ్డి గల బోగీ తగిలించాలి. కార్ల రైలులో బండి నడిపే వ్యక్తికి మొదటి పడక కేటాయించాలి. పడక ఇవ్వని రాత్రిని డ్యూటీగానే లెక్కించాలి.

బండికి చోటు చూపిన రైలు, బండి నడిపే మనిషికీ చోటు చూపాలి. మీమీ సంఘాలలో ఈ విషయాన్ని చర్చకు పెట్టవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.