ఎర్రగీత రాకపోతే
(ఆత్రేయపురంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో ఈమెయిలు రాసేటప్పుడు తప్పు పడిన ఇంగ్లీషు మాట కింద ఎర్రగీత వస్తుంది. దాన్ని నమ్ముకునే మనవాళ్ళు చాలామంది పెన్షన్ ఆఫీసుకి అర్జీలు పంపుతున్నారు. ఒకరోజు ఆ గీత రావడం మానేస్తుంది. గీత లేదు కాబట్టి తప్పు లేదనుకుంటారు. చిక్కంతా అక్కడే.

గదిలో బల్బు వెలగకపోతే పక్కగదిలో స్విచ్చి వేసి చూస్తాం కదా, ఇక్కడా అంతే. కావాలని ఒక తప్పు మాట మెయిలులో రాయండి. గీత రాకపోతే అదే మాట ఇంకో వెబ్‌సైటులో, నాలుగు వరుసలు పట్టే పెట్టెలో రాయండి. అక్కడ గీత వస్తే లోపం మెయిలు పేజీది. అక్కడా రాకపోతే బ్రౌజరుది. ఫైర్‌ఫాక్సులో సబ్జెక్టు వంటి ఒంటి వరుస పెట్టెల్లో మామూలుగానే గీత రాదు, కంగారుపడనక్కరలేదు.

క్రోమ్ అయితే పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్ళి స్పెల్ చెక్ మీట చూడండి. అక్కడే ఇంగ్లీషు పక్కనున్న మీట కూడా చూడాలి. సెలవులకొచ్చిన మనవలు భాషలు మార్చి వెళ్ళిన ఇళ్ళలో ఇది ఆగిపోయి ఉండవచ్చు. ఫైర్‌ఫాక్సులో రాసే చోటే మౌస్ కుడి బొత్తాం నొక్కితే చెక్ స్పెల్లింగ్ కనిపిస్తుంది. దానికి టిక్కు ఉండాలి, ఇంగ్లీషు నిఘంటువు ఎంచుకుని ఉండాలి.

లోపం మెయిలుదైతే, జీమెయిల్‌కి సొంత స్పెల్లింగ్ తనిఖీ వేరే ఉంది. దాని సెట్టింగ్స్‌లో జనరల్ కింద చూడండి. ప్రైవేట్ విండోలో మెయిలు తెరిచినప్పుడు గీత వస్తే, ఎవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్ అడ్డుపడుతోందని అనుమానించవచ్చు.

ఇక ముఖ్యమైన మనవి. క్రోమ్‌లో బేసిక్, ఎన్‌హాన్స్‌డ్ అని రెండు రకాలుంటాయి. రెండోది పెడితే మనం టైపు చేసినది గూగుల్‌కి వెళ్తుంది. "పాస్‌వర్డు చూపించు" నొక్కినప్పుడు పాస్‌వర్డు కూడా వెళ్ళవచ్చని 2022లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా రాసుకునే మనకు బేసిక్ చాలునని నా అభిప్రాయం. గీత రావడం లేదని చెబితే కుర్రాళ్ళు ముందు ఎన్‌హాన్స్‌డే నొక్కిపోతారు, గమనించుకోండి.

మన పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ ఇంగ్లీషు నిఘంటువుకి ఆ కబురు అందినట్టు లేదు; ఆ పేరు కింద గీత పడుతూనే ఉంటుంది. కుడి బొత్తాంతో నిఘంటువులో చేర్చుకోవచ్చు. తప్పు స్పెల్లింగు చేర్చారో, ఆ మాటకి ఇక గీత రాదు. క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్‌కి వెళ్ళి తీసెయ్యాలి.

అంకెలు తప్పితే ఏ గీతా పట్టదు. లైఫ్ సర్టిఫికెట్ వేళ పీపీవో నంబరు మీరు పైకి చదవండి, ఇంట్లోవారిని పుస్తకంలో సరిచూడమనండి. ఆ తరవాతే పంపండి.