జాబితాకెక్కని గడప

(పర్చూరు మహల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మన బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. పర్చూరు వాగు పొంగితే ఏమవుతుందో మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. మనది నల్లరేగడి నేల. చేలలో నీరు నిలిస్తే మిరప వేరు కుళ్లుతుంది, పత్తి నల్లబడుతుంది. ఆ నష్టం కంటికి కనిపిస్తుంది. కాని అదే చేలో కాయలు కోసే కూలితల్లి కోల్పోయిన పనిదినాలు, దూది తడిసి పరుపుల పని ఆగిపోయిన నూర్‌బాషా సోదరుని జీవనం ఎవరి లెక్కలోకి వస్తాయి?

నేను గుమాస్తాగా పనిచేసిన రోజులలో వరద బాధితుల జాబితాలు నా చేతిమీదుగా వెళ్లేవి. ఒకసారి అద్దె ఇంటిలో ఉంటున్న ఒక వితంతువు వచ్చింది. ఆమె రేషన్ కార్డు వేరే ఊరిలో ఉన్నదని చెప్పి తిప్పి పంపాను. ఆమె మారు మాట్లాడక వెళ్లిపోయింది. ఆ మౌనం నన్ను నేటికీ ప్రశ్నిస్తూనే ఉన్నది.

2005 విపత్తు నిర్వహణ చట్టాన్ని నేను శ్రద్ధగా చదివినది ఆ తరువాతనే. ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం కనీస సహాయంలో భాగమనీ, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలనీ 12వ సెక్షన్ చెబుతున్నది. పరిహారంలో, సహాయంలో లింగ, కుల, వర్గ, వంశ, మత వివక్ష కూడదని 61వ సెక్షన్ శాసిస్తున్నది. కనుక సహాయం ఎవరి దయాభిక్షా కాదు. అయితే అడగని హక్కు చట్టంలోనే ఉండిపోతుంది.

అందుచేత మూడు పనులు మన చేతిలో ఉన్నాయి.

మొదటిది, వానలకు ముందే వీధివారీగా మన జాబితా మనం రాసుకోవాలి. అద్దెకున్నవారు, ఒంటరి వృద్ధులు, వితంతువులు, గర్భిణులు అందులో ముందుండాలి. హిందువా, ముస్లిమా, క్రైస్తవుడా అని చూడకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు నీరు ఎవరి మతమూ అడగలేదు. పొరుగువాని హక్కు విషయంలో మనమూ అడగరాదు. మన మస్జిదు తలుపులు, బైతుల్‌మాల్ అందరికీ తెరచి ఉండాలి.

రెండవది, కౌలు రైతులు. పంట 33 శాతం గాని, అంతకు మించి గాని నష్టపోతేనే పెట్టుబడి రాయితీ లభిస్తుంది. పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-పంట నమోదు లేకుంటే సాగుచేసినవాడు రిక్తహస్తాలతో మిగులుతాడు. ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ఒంటరిగా అడగలేని కౌలుదారు వెంట మహల్లా పెద్దలు వెళ్లి అడగాలి.

మూడవది, ఇల్లు కడుగుకునే ముందే ఫొటోలు తీయండి. సచివాలయంలో జాబితా చూపమని అడగండి. పేరు లేకుంటే అర్జీ రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి. చదువుకున్న మన పిల్లలు రోజుకు ఒక గంట ఇందుకు కేటాయిస్తే చాలు.

ఆనాడు నేను మూసిన తలుపును ఈ వయసులో మీ సహాయంతో తెరవాలనుకుంటున్నాను. రానున్న వరదలో మన ఊరిలోని ఏ గడపా జాబితాకెక్కకుండా మిగలకుండుగాక. అల్లాహ్ మనకు ఆ శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.